పాల డెయిరీ దగ్గర ఎడమకు

పుంటికూర కట్టల మీద నీళ్లు చల్లుతున్న ఆవిడ తలెత్తి నా కూతురిని చూసింది. కాసేపు అలాగే చూసి, నవ్వి, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు అంది: "పాల డెయిరీ దగ్గర ఎడమకు తిరగాలి. నీలం గేటు. అదే మా ఇల్లు."

నా కూతురు సంబరపడిపోయింది. మిగిలినది తనే పూర్తి చేసింది. "గేటు ముందు జామచెట్టు ఉంటుంది."

"ఆఁ, జామచెట్టు. మరిచిన," అంది ఆవిడ.

నాందేడ్ వజీరాబాద్ బజారులో పొద్దుటి రద్దీ. నేను చిల్లర చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఈ బజారులో ఎడమకు తిరగాలి అని ఎవరూ అనరు. మా ఇళ్లలో కూడా డావా, ఉజవా అని మరాఠీలోనే అంటాం. ఆ వాక్యం నాది. నేను రాసి, నా కూతురి చేత చెప్పించి, వీడియో తీసి, తెలిసిన ఇళ్లకు తప్ప ఇంకెవరికీ కనబడకుండా తాళం వేసి పెట్టిన వాక్యం.

"అమ్మా, చెయ్యి నొస్తుంది," అంది పిల్ల. అప్పుడుగానీ దాని చెయ్యి అంత గట్టిగా పట్టుకున్నానని నాకు తెలియలేదు.

"ఇది ఎక్కడ చూసిండ్రు?" అని ఆవిడను అడిగాను.

"మా కోడలి ఫోన్ల. మాది బిలోలి అవతల. మా మనుమరాలు ఈ బిడ్డను సూసే అక్షరాలు నేర్సింది. మొన్న బోధన్ బస్సు అస్తె బోర్డు సదివింది తెలుసా."

"మీ కోడలికి ఎవలు పంపిండ్రు?"

"ఎవలు పంపిండ్రో. మా ఊర్ల అందరి ఫోన్లల్ల ఉన్నది." ఆవిడ నా మొహం చూసి కొంచెం తగ్గింది. "ఏం బిడ్డా, పైసలు గిట్ల కట్టాల్నా దానికి?"

లేదన్నాను. ఆవిడ కొసరుగా ఇంకో కట్ట తీసి నా కూతురి చేతిలో పెట్టింది. "తీస్కో పంతులమ్మా," అంది. నా కూతురికి ఏడేళ్లు. ఆ కట్టను గుండెలకు హత్తుకుని ఇంటిదాకా మోసింది. ఇంటికి వచ్చాక నేను కూర్చుని పుంటికూర తెంపాను. ఆకులన్నీ ఒకవైపు, కాడలన్నీ ఒకవైపు. అంతా అయిపోయాక చూస్తే కాడలు గిన్నెలోనూ ఆకులు చెత్తలోనూ ఉన్నాయి.

నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదివి, పెళ్లి చేసుకుని నాందేడ్ వచ్చాను. అత్తగారి వాళ్లది బట్టల దుకాణం. ఇక్కడ మాలాంటి ఇళ్లలో పిల్లలు తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ, ఇంగ్లీషు నేర్చుకుంటారు. తెలుగు చదవడం మాత్రం ఎవరికీ రాదు. మా ఆయన సంతకం కూడా మరాఠీలోనే. నా కూతురికి అక్షరాలు నేర్పడం మొదలుపెడితే మా ఆడబిడ్డ తన పిల్లలకూ చెప్పమంది. తర్వాత ఆమె తోడికోడలు అడిగింది. అందరికీ ఒకే వేళ కుదరదు కాబట్టి పాఠాలను ఫోనులో తీయడం మొదలుపెట్టాను. పడకగదిలో గోడకు పలక ఆనించి నేను చెబుతాను, నా కూతురు పక్కన నిలబడి అప్పజెబుతుంది. నాలుగేళ్ల మా అబ్బాయి మధ్యలో వచ్చి మంచమెక్కి దూకుతాడు. వాడి దూకుడు చూడటానికే పిల్లలు పాఠం పెట్టించుకుంటారని మా ఆడబిడ్డ అనేది.

నాకు మొదటి నుంచీ భయం ఎక్కువ. పిల్లల మొహాలను అందరూ చూసే చోట పెట్టనని ముందే అనుకున్నాను. నాందేడ్‌లో వీధికో కోచింగ్ క్లాసు. వీడియో పాఠాలను ఎట్లా దాచుకోవాలో ఇక్కడ అందరికీ తెలుసు. ఒక క్లాసు నడిపే ఆవిడ చెబితే చిన్న కంపెనీ వాళ్ల యాప్ తీసుకున్నాను. అందులో పాఠం నడుస్తుండగా స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా వస్తుంది. రికార్డు చేసినా నలుపే. ఒక నంబరుతో ఒకేసారి ఒక్క ఫోనులోనే తెరుచుకుంటుంది. ఇవన్నీ కాక, చూస్తున్న వాళ్ల ఫోను నంబరు తెర మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు సన్నగా తిరుగుతూ ఉంటుంది. ఎవరైనా ఇంకో ఫోను పెట్టి తెరను వీడియో తీసుకున్నా ఆ నంబరు కూడా అందులో పడుతుంది. "దొంగ తన పేరు తనే రాసి పోతాడు మేడం," అన్నాడు హైదరాబాదు నుంచి మాట్లాడిన కంపెనీ అబ్బాయి. ఆ మాట నాకు నచ్చింది. చేరిన ప్రతి ఇంటికీ ఆ నల్ల తెర చూపించి, ఆ మాట చెప్పాను.

ఆ తాళం మీద నమ్మకంతోనే దిక్కుల పాఠం తీశాను. ఎడమ, కుడి, ముందుకు, వెనక్కు. ఊహించుకున్న దారి చెప్పమంటే పిల్ల తడబడింది, కుడి అంటూ ఎడమ చెయ్యి ఎత్తింది. సరే, నీకు తెలిసిన దారి చెప్పు అన్నాను. తన బడి పేరు చెప్పి, దాని గేటు దగ్గర మొదలుపెట్టి మా ఇంటి జామచెట్టు దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఎంత ముద్దుగా చెప్పిందో. అదే ఉంచేశాను.

ఆ రోజు దుకాణం నుంచి వచ్చిన మా ఆయనకు సంగతి చెప్పాను. ఆయన అక్కడా ఇక్కడా అడిగి, అందరూ చేరగలిగే ఒక ఫోను గ్రూపులో మా పాఠాలు పట్టుకున్నారు. పోలీసు ఉద్యోగాల కోచింగ్ వీడియోల మధ్య మావి అన్నీ వరుసగా ఉన్నాయి. ఎవరో టీవీలో పాఠం పెట్టి, దాన్ని ఫోనుతో తీశారు. బొమ్మ కొంచెం ఒరిగి ఉంది. ఒక పక్క ట్యూబులైటు మెరుపు. వెనక కుక్కరు కూత. నా కూతురు కుడి అని ఎడమ చెయ్యి ఎత్తిన చోట ఆ ఇంట్లో ఎవరో నవ్వారు. అది ముద్దొచ్చి నవ్విన నవ్వు. ఎవరిదో గుర్తుపట్టాలని పదే పదే విన్నాను. పట్టలేకపోయాను.

తెర మీద నంబరు తిరుగుతోంది. నేను వీడియో ఆపాను. మా ఆయన నంబరును పైకి చదివి, మళ్లీ చదివారు.

"ఇది మన దుకాణం నంబరు గదనే," అన్నారు.

మా ఇళ్ల పద్ధతి తెలియని వాళ్లకు ఇది అర్థం కాదు. బజారులో దుకాణాలున్న మా వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు సొంత నంబరు బయట ఎవరికీ ఇవ్వరు. గ్యాసు వాళ్లు అడిగినా, రక్తపరీక్షల దగ్గర అడిగినా, చీర ఫాల్ కుట్టే చోట అడిగినా దుకాణం నంబరే చెబుతారు. ఆ ఫోను గల్లాపెట్టె పక్కన ఉంటుంది, మామయ్య ఎత్తుతారు. మా అత్తమ్మ పాఠాలు చూస్తానంటే ఆ నంబరును యాప్‌లో చేర్చాను. ఆ సంగతి చుట్టాల ఆడవాళ్లందరికీ తెలిసింది. వాళ్లు వాళ్ల వాళ్లకు చెప్పారు. అందరూ అదే నంబరు కొట్టారు. కొట్టిన ప్రతిసారీ ఓటీపీ దుకాణానికి వచ్చింది. ఒకరు తెరిస్తే ఇంకొకరిది మూతపడుతుంది. మూతపడ్డవాళ్లు మళ్లీ దుకాణానికి ఫోన్ చేస్తారు.

మర్నాడు దుకాణానికి వెళ్లాను. మామయ్య బట్టల తాను చుడుతున్నారు.

"మామయ్యా, పిల్లల పాఠాల ఓటీపీ ఎవలెవలకు చెప్పిండ్రు?"

"అడిగినోళ్లకు చెప్పిన."

"ఎవలు అడిగిండ్రు?"

"ధర్మాబాద్ నుంచి మీ చిన్నత్త అడిగింది. ఆమె బిడ్డ అడిగింది. ఆళ్ల పక్కింటోళ్లు అడిగిండ్రు. 'మామా, తెలుగు బందైంది, జర నంబరు చెప్పు' అంటరు. చెప్తా. పొద్దుగాల గిరాకి తక్కువున్నప్పుడు అదే పనాయె నాకు."

"బ్యాంకు ఓటీపీ ఎవ్వలకు చెప్పద్దని మీరే గదా నాకు చెప్పింది."

"బ్యాంకుది వేరే. ఇది సదువుది. సదువు అడిగితె లేదంటమా ఎవలన్న?"

"తెలువనోళ్లు సుత అడిగిండ్రా?"

ఆయన తాను చుట్టడం ఆపి నన్ను చూశారు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకు. "దుకాణంకు ఫోన్ చేసినోడు తెలువనోడు ఎట్లయితడు?" అన్నారు.

గిరాకి వచ్చింది. ఆయన లేచి రెండు లంగాల గుడ్డ కొలిచి ఇచ్చారు. వాళ్లు వెళ్లాక నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు. "పిల్లకేమన్న అయ్యిందా?"

"ఏం కాలె."

"మరి ముఖం గట్ల పెట్టినవేంది బిడ్డా?"

నా ముఖం ఎట్లా ఉందో నాకు తెలియదు. నాకు ఏమీ అనిపించడం లేదు. కోపం రావాలి కదా అనుకున్నాను. రాలేదు. దుకాణం మెట్లు దిగుతూ, ఇవాళ మా అబ్బాయికి కొత్త చెప్పులు కొనాలి కదా అని అనుకోవడం గుర్తుంది.

ఆ తర్వాత ఫిర్యాదులు. కంపెనీ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "మా సిస్టం పని చేసింది మేడం. నంబరు దొరికింది కదా," అన్నాడు. ఆ నంబరు మాదేనన్నాను. గ్రూపు నడిచే యాప్ వాళ్లకు రాస్తే ఈ వీడియో మీదేనని చూపించమన్నారు. నా పాఠాన్ని నేనే తెరిచి స్క్రీన్‌షాట్ తీశాను. నల్లగా వచ్చింది. అవును మరి, అలా రావాలనే కదా పెట్టించుకున్నది. మొదట తీసిన వీడియోలు నా ఫోనులో ఉంటే అవి పంపాను. వాళ్లు ఆ గ్రూపు తీసేశారు. రెండో రోజుకు అవే పాఠాలు ఇంకో పేరుతో, గులాబీ బొమ్మ పెట్టుకుని వచ్చాయి.

పోలీసుల సైబర్ విభాగానికి కూడా వెళ్లాం. అక్కడ కూర్చున్న ఆవిడ ఓపికగా అంతా విని మరాఠీలో అడిగింది. "తాయీ, హా నంబర్ కోణాచా?"

నంబరు మా మామగారిదన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది. మరి ఎవరి మీద రాసుకోమంటారు, ఇంటివాళ్ల మీదనా అని అడిగింది. వెటకారం లేదు ఆ మాటలో. రాసుకోవడానికే అడిగింది. మా ఆయన నా వైపు చూశారు. నేను గోడ మీద గడియారం వైపు చూశాను. ఏమీ రాయించకుండానే లేచి వచ్చాం. తమ నంబరు బయట తెలియకూడదని ఆడవాళ్లు ఇచ్చే నంబరది. దాని వెనక ఉండి వీడియో తీసినవాళ్లు ఎవరో ఎప్పటికీ తెలియదు.

యాప్‌లో పాఠాలన్నీ తీసేశాను. ఆ రోజంతా మామయ్యకు ఫోన్లు. తెలుగు బందైందేంది అని. అత్తమ్మ వంటింట్లో నుంచే నాకు వినబడేలా అంది, "తాళమేసుడు నేర్సింది గని తలుపేసుడు నేర్వకపాయె." నాకు ఆ మాట తప్పనిపించలేదు.

పాఠాలు పోయినా ఏమీ కాదు. పిల్లలు ఇంకో చోట నేర్చుకుంటారు. కానీ ఎన్ని ఫోన్లలో, ఏ ఊళ్లలో, ఎవరి చేతుల్లో నా కూతురు నిలబడి, బడి నుంచి మా ఇంటికి దారి చెబుతోందో నాకు తెలియదు. దాన్ని ఎవరూ వెనక్కు తేలేరు. ఇల్లు మారలేం. బడి మార్చాలంటే ఏడాది మధ్యలో ఎవరూ తీసుకోరు. మా ఆయన ఆదివారం కూర్చుని గేటుకు ఆకుపచ్చ రంగు వేశారు. జామచెట్టు కొట్టేద్దామా అన్నారు. కొట్టడానికి చేతులు రాలేదు. వద్దని నేనూ అనలేదు, ఆయనా కొట్టలేదు. పిల్లను బడి నుంచి ఇంటికి తెచ్చే ఆటో కాకాను వేరే దారిన రమ్మన్నాను. "ఆ తోవ గుంతలున్నయ్ భాభీ," అని గొణుగుతూనే రెండు రోజులు వచ్చి, మూడో రోజు పాత దారికే వచ్చాడు. నేను మళ్లీ చెప్పలేదు.

అట్లా రోజులు గడిచాయి. ఏమీ జరగలేదు. జరగకపోవడం నాకు ఊరట ఇవ్వలేదు. అన్నం వండాను, బట్టలు ఉతికాను, పిల్లల గోళ్లు తీశాను. ఎవరైనా పలకరిస్తే కొంచెం ఆలస్యంగా వినబడేది.

నిన్న మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కింద గేటు కిర్రుమంది. తొంగి చూశాను. గేటు బార్లా తెరిచి ఉంది. నా పిల్లలిద్దరూ బయట రోడ్డు మీద ఉన్నారు. వాళ్ల ముందు ఒకాయన, ఒకావిడ, ఒక పిల్లవాడు. ఆయన వంగి మా అబ్బాయితో ఏదో అంటున్నాడు. మెట్లు ఎట్లా దిగానో నాకు గుర్తులేదు. గేటు దగ్గర నిలబడేసరికి చేతిలో మా ఆయన తడి చొక్కా ఉంది.

"నమస్తే అక్కా," అన్నాడాయన. "మాది ముఖేడ్. పిలగానికి చెవి నొస్తుందని దవాఖానకు అచ్చినం. నాందేడ్ అచ్చినమంటె అక్కను సూడాలె అక్కను సూడాలె అని ఒకటే లొల్లి."

"ఇల్లు ఎట్ల దొరికింది మీకు?"

"ఎవల్ని అడుగలె అక్కా," అన్నాడు గొప్పగా. "బడి కాడ దిగినం. మీ బిడ్డ చెప్పినట్టె అచ్చినం. జరంత సుత తప్పలె."

"గేటు రంగు మారింది," అంది ఆవిడ. "జామచెట్టు సూసి గుర్తుపట్టినం."

లోపలికి రమ్మన్నాను. రమ్మనక ఏం చేస్తాను? ఛాయ్ పెట్టాను. వాళ్లు సీతాఫలాలు తెచ్చారు, సంచీ నిండా, అన్నీ తమ చెట్టువేనన్నారు. చెవిలో దూది పెట్టుకున్న ఆ పిల్లవాడు నా కూతురి ముందు కూర్చుని అఆలు అన్నీ చెప్పాడు. ఋ దగ్గర ఆగితే మా అమ్మాయి వాడి చెయ్యి పట్టుకుని నేల మీద రాయించింది. అత్తమ్మ మురిసిపోయింది. "ఇల్లు ఎతుక్కుంట అచ్చిండ్రు సూడు," అంది నాతో. మా అబ్బాయి ఆయన ఒడిలో కూర్చుని ఆయన గడియారం తన చేతికి పెట్టుకున్నాడు. మంచివాళ్లు. వాళ్లు మంచివాళ్లని నాకు అనుమానమే లేదు.

బస్సు వేళయిందని లేచారు. గుమ్మం దగ్గర ఆయన మా అబ్బాయి బుగ్గ తట్టి, "ముఖేడ్ అస్తవా నాతోని?" అన్నాడు.

"అస్తా," అన్నాడు వీడు. లోపలికి పరుగెత్తి కొత్త చెప్పులు తొడుక్కుని వచ్చి, ఆయన వేలు పట్టుకున్నాడు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తూ నవ్వాను.

మామయ్య వచ్చాక అత్తమ్మ ఇదంతా సంబరంగా చెప్పింది. ఆయన చెప్పులు విడవకుండానే విన్నారు.

"గేటు ఎవలు తీసిండ్రు?" అన్నారు.

"పిల్ల తీసింది," అన్నాను.

"నువ్వేడున్నవ్?"

"డాబా మీద."

ఆయన కూర్చోలేదు. గేటు దాకా వెళ్లి, గడియ పైకీ కిందికీ ఆడించి చూసి వచ్చారు. అన్నం తిని చేయి కడుక్కున్నాక, "ఇంగ ఆ ఫోన్ల ఎవలు నంబరు అడిగినా చెప్ప," అన్నారు. ఇంక అడిగేవాళ్లు ఎవరూ లేరని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ పాఠాలు ఇప్పుడు ఏ నంబరూ అడగవు.

ఈ పొద్దున బడికి పంపే ముందు పిల్లలిద్దరినీ మంచం మీద కూర్చోబెట్టాను. అమ్మాయికి జడ వేస్తూ చెప్పాను. మొహం చూస్తూ చెప్పలేననిపించింది.

"గేటు కాడ ఎవలు పిలిచినా ఇంగ మీరు పోవద్దు," అన్నాను. "మీ పేరు తెలిసినా, పాఠం అప్పజెప్పినా, తాత దుకాణం తెలుసన్నా పోవద్దు. గడియ తియ్యద్దు. ఏమడిగినా ఒక్క ముచ్చట చెప్పద్దు. లోపలికచ్చి నన్ను పిలువుండ్రి."

"నేను తోవ తప్పు చెప్పిన్నా అమ్మా?" అంది అమ్మాయి.

"తప్పు చెప్పలె. అన్నీ సరిగ్గనే చెప్పినవ్."

రెండో జడ సగంలో ఉండగా మా అబ్బాయి అడిగాడు, "మంచోళ్లయితె?"

"మంచోళ్లయితె బయట నిలబడ్తరు," అన్నాను. "నేనచ్చేదాంక నిలబడ్తరు."